హిడింబుని బూడిద: పురాణాన్ని సాక్ష్యంగా చదవడం ఎలా?

అతి ప్రాచీన గతాన్ని గురించి మనకు మూడు రకాల సాక్షులున్నారు. ఒకటి మతగ్రంథం. రెండోది జనం నోట నిలిచిన పురాణగాథ. మూడోది నేలలో దొరికే వస్తువు: ఎముక, రాతి పనిముట్టు, బూడిద. మొదటి ఇద్దరు సాక్షులూ మాట్లాడతారు. మూడో సాక్షి మూగది. మనం ప్రశ్న వేసి, పరీక్షించి, దానిచేత మాట్లాడించాలి. మాట్లాడే సాక్షుల్ని పూర్తిగా నమ్మడం ఒక పొరపాటు. వాళ్లని కోర్టులోంచి గెంటెయ్యడం రెండో పొరపాటు. సాహిత్య విద్యార్థులు ఈ రెండు పొరపాట్లనూ ఎట్లా తప్పించుకోవాలో నాకు తోచినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పండితుల గదుల్లో ముగిసిపోయే చర్చ కాదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులనీ, దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మెరుగైనవనీ పిల్లల ముందు చెప్పారు. 2023లో వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలో జీవపరిణామం పాఠం కనిపించలేదు. దాన్ని తిరిగి చేర్చమని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగలేఖ రాయవలసి వచ్చింది. పురాణాన్ని సైన్సుగా నిలబెట్టడం, సైన్సును పాఠ్యపుస్తకంలోంచి తీసెయ్యడం పక్కపక్కనే జరుగుతున్నాయి. అంచేత ఈ సాక్షుల విచారణ రచయితల పని కూడా.

ముందు గ్రీకుల సంగతి చూద్దాం. హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. తెగియా అనే ఊళ్లో ఒక కమ్మరి బావి తవ్వుతుంటే ఏడు మూరల పొడుగు శవపేటిక, అందులో అంత పొడుగు మనిషి ఎముకలు బయటపడ్డాయట. అవి పురాణ వీరుడు ఒరెస్తిస్‌వి అని నిర్ణయించి, స్పార్టా వాళ్లు గుట్టుగా తమ నగరానికి తరలించుకుపోయారు. ఆ తర్వాత యుద్ధాల్లో తమదే పైచెయ్యి అయిందని చెప్పుకున్నారు. ఇందులో రెండు విషయాలు గమనించాలి. గ్రీసు నేలలో అంతరించిపోయిన ఏనుగుజాతుల ఎముకలు నిజంగానే దొరుకుతాయి. పెద్ద తొడ ఎముకను చూసిన మనిషి, వెనకటి మనుషులు రాక్షసాకారులని అనుకోవడంలో వింత లేదు. కాని ఆ ఎముకకు వీరుడి పేరు తగిలించి ఊరేగించడం రాజ్యం చేసిన పని. చూపు జనానిది, వాడకం పాలకులది.

ఒంటికన్ను సైక్లోప్ రాక్షసుల కథ మీద కూడా ఇటువంటి వివరణే ఉంది. ఏనుగు పుర్రెకు నుదుటి నడుమ తొండం మొదలయ్యే చోట పెద్ద రంధ్రం ఉంటుంది. ఏనుగును ఎరగని వాడికి అది కంటిగుంతలాగే కనబడుతుంది. సిసిలీ ద్వీపపు గుహల్లో దొరికే మరుగుజ్జు ఏనుగుల పుర్రెలే సైక్లోప్ కథకు మూలమని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఒథెనియో ఆబెల్ 1914లో ఊహించాడు. అమెరికా పరిశోధకురాలు ఏడ్రియన్ మేయర్ 2000లో ఒక పుస్తకమే రాసి ఈ దారిని ఇంకా ముందుకు తీసుకుపోయింది. బంగారానికి కాపలా కాసే గ్రిఫిన్ పక్షిమృగం కథ గోబీ ఎడారిలోని ప్రొటోసెరటాప్స్ డైనోసార్ అస్థిపంజరాల్ని చూసి పుట్టిందని ఆమె వాదించింది. వినడానికి బాగుంది. కాని ఆ డైనోసార్లు దొరికే చోటికీ, బంగారం దొరికే చోటికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉందని 2024లో ఇంగ్లండు పరిశోధకులు ఎత్తిచూపారు. కనక ప్రతి పురాణం వెనకా ఒక ఎముకను వెతకడం కూడా ఒక రకం భక్తే. పోలిక కనబడినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు.

ఆ గ్రీకుల్లోనే ఇంకో దారిలో నడిచినవాడున్నాడు. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దిలో పుట్టిన జెనోఫనీస్ కొండలమీద గవ్వల్నీ, సిరాక్యూస్ రాతిగనుల్లో చేపల అచ్చుల్నీ గమనించి, ఆ నేల ఒకప్పుడు సముద్రపు బురద అయి ఉండాలన్నాడు. అతను వీరుణ్ణి తేలేదు, దేవుణ్ణి తేలేదు. చూసిన వస్తువుకు, తనకు తెలిసిన ప్రకృతిలోనే కారణం వెతికాడు. పురాణానికీ విజ్ఞానానికీ తేడా తెలివిలో లేదు, ఈ పద్ధతిలో ఉంది.

మతగ్రంథాన్ని పట్టుకుని నేలను చదివితే ఏమవుతుందో యూరపులో తేలింది. 1726లో స్విస్ వైద్యుడు షాయిఖ్‌జర్ ఒక శిలాజాన్ని చూపి, బైబిలు జలప్రళయంలో మునిగిపోయిన పాపి అస్థిపంజరం ఇదేనన్నాడు. 1811లో క్యువియే ఆ రాతిని ఇంకొంచెం చెక్కి లోపలి ఎముకల్ని బయటపెడితే అది పెద్ద సాలమాండర్ అని, అంటే కప్పజాతికి చుట్టమైన ఒక జంతువని రుజువైంది. వాక్యం ముందే సిద్ధంగా ఉంటే ఎముక దానికి ఉదాహరణగా మారిపోతుంది. మన దేశంలో ఫాల్కనర్ అనే వైద్యుడు శివాలిక్ కొండల్లో మహాకాయమైన తాబేలు శిలాజాల్ని కనుగొన్నాడు. 1844లో లండన్‌లో వాటిని వివరించేటప్పుడు కూర్మావతారాన్నీ, గరుత్మంతుడు ఎత్తుకుపోయిన గజకచ్ఛపాల కథనూ గుర్తు చేశాడు. మనం ఆదిపర్వంలో చదువుకునే కథే అది. అయితే ఫాల్కనర్ తాబేలును కొలిచి, వర్ణించి, ఆ తర్వాతే కథ దగ్గరకు వచ్చాడు. వరస ముఖ్యం.

దశావతారాలే పరిణామ సిద్ధాంతం అనే మాటను కూడా ఈ వరసలోనే పరీక్షించాలి. డార్విన్ గ్రంథం 1859లో వచ్చింది. అవతారాల్ని పరిణామక్రమంగా చూపిన బ్లావట్‌స్కీ పుస్తకం 1877 నాటిది. అంటే శాస్త్రం చెప్పిన తర్వాతే శ్లోకంలో శాస్త్రం కనబడింది. పైగా అవతారకథలో జీవులు మారవు, దేవుడు వేషం మారుస్తాడు. పరిణామంలో ఏ ఉద్దేశమూ లేదు. తరతరానికీ పుట్టే చిన్నచిన్న తేడాల్లో బతకడానికి పనికొచ్చేవి నిలవడం, ఒక కాండం నుంచి అనేక కొమ్మలు చీలడం అందులో అసలు సంగతి. చేప ముందు, మనిషి వెనక అన్న ఒక్క పోలికతో ఈ రెంటినీ ఒకటనడం, చక్రం గుండ్రంగా ఉంది కనక చంద్రుడు బండికి ఊడిన చక్రమే అనడం లాంటిది.

ఇక మన నేల సంగతి. మా అయిజ, గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఇక్కడ డైనోసార్ ఎముక కోసం తవ్వడం వృథా. మా కాళ్ల కింది రాతిలో చాలా భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎముక అనేది ఇంకా పుట్టని కాలపు రాయి అది. నీటి అడుగున ఒండ్రు కప్పి గట్టిపడిన చోట్లనే ఎముకలు శిలాజాలుగా మిగులుతాయి. అటువంటి రాళ్లు గోదావరి, ప్రాణహిత లోయలో ఉన్నాయి. అక్కడి కోట శిలల్లో, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి బరపాసారస్ దొరికింది. 1975లో దానికి టాగూరు పేరు కలిపారు. యామన్‌పల్లి పేరు కలిసిన కోటసారస్‌ను 1988లో యాదగిరి వర్ణించాడు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. మాకు దక్షిణాన బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, అతని కొడుకు 1883–85 మధ్య తవ్వితే అనేక జంతువుల ఎముకలు దొరికాయి. ఆ ఎముకల్లో ఒక ఖడ్గమృగానికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టారు.

ఎముకలు లేని నడిగడ్డకూ, దాని ఇరుగుపొరుగుకూ వేరే సాక్షి ఉంది. అది బూడిద. బళ్ళారి, రాయచూరు, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెద్దపెద్ద బూడిద దిబ్బలున్నాయి. కొన్ని చోట్ల ఆ బూడిద కరిగి, ఇనప చిట్టెంలాగా గట్టిపడింది. జనం దీనికి కారణం అడిగారు, తమకు తెలిసిన కథలోంచి జవాబు తెచ్చుకున్నారు. బళ్ళారి దగ్గర అది భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన బూడిద. హంపి పక్కన నింబాపురంలో అది వాలి చితి. తొలినాటి ఇంగ్లీషువాళ్లలో కొందరు దాన్ని అగ్నిపర్వతపు చిట్టెంగా లెక్కవేశారు. ఫుట్ పశువుల పేడ కాలిన బూడిద కావచ్చన్నాడు. 1957లో ఆల్చిన్ మా పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వాడు. గుంజలు పాతిన గుంతల వరసలు, కంచె ఆనవాళ్లు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది పశువుల దొడ్డి. కొత్తరాతియుగపు మనుషులు మందను అక్కడ కట్టేశారు. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు, దొడ్డిని మళ్లీ మళ్లీ కట్టారు. కాలం క్రీస్తుకు పూర్వం మూడో సహస్రాబ్ది. 1960లో జాయినర్ ప్రయోగశాలలో పరీక్షించి ఈ దిబ్బలు పేడబూడిదేనని నిర్ధారించాడు. ఎందుకు కాల్చారన్న దానిమీద వాదం సాగుతూనే ఉంది. పశువుల పండుగలతో ముడిపడిన క్రతువని ఆల్చిన్ అభిప్రాయం.

ఇక్కడ మన అభ్యుదయ మిత్రులు తొందరపడి ఒక అడుగు వేసే ప్రమాదముంది. రాక్షసులంటే ఆ పశువుల కాపరులే, హిడింబుడి కథ వాళ్ల ఓటమి జ్ఞాపకమే అని రాసేస్తారు. దానికి రుజువు లేదు. గ్రిఫిన్ విషయంలో జరిగిన పొరపాటే అది. ఆ కథ కొత్తరాతియుగాన్ని గురించి ఏమీ రుజువు చెయ్యదు. ఆ కథ చెప్పుకున్న జనాన్ని గురించి రుజువు చేస్తుంది. వాళ్లు ఆ బూడిద మామూలు మట్టి కాదని గుర్తించారు. అంత బూడిదకు అంత పెద్ద మంట కావాలని లెక్క వేశారు. ఆ మంటకు తగిన శవం తమ ఊహలో రాక్షసుడిదే. చూపు సరైనది, కారణం తప్పు. ఆ తప్పులో ఒక సామాజిక సత్యం ఉంది: అంతటి గుట్టను వందల ఏళ్లు పేడ ఎత్తి, గుంజలు పాతి, మందను కాచిన మామూలు మనుషులు పోగుచేసి ఉంటారని ఎవరికీ తోచలేదు. భీముడో వాలో ఉంటే తప్ప గతం గతంలాగా కనబడలేదు. శ్రమను మరిచిపోవడం మన సాహిత్యానికి పాత జబ్బు.

ఈ జబ్బుకు మందు కూడా మా నేలలోనే పుట్టింది. అలంపురం తాలూకా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో అచ్చయిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల్ని తిరగేసి రాజుల్ని కాదు, జనం తిండినీ బట్టనూ ఆటనూ వెతికాడు. కోశాంబి 1962లో పురాణాన్నీ వాస్తవాన్నీ ఎదురెదురుగా పెట్టి, పొలం గట్టుమీద దేవతనూ గ్రంథంలోని దేవతనూ కలిపి చదివాడు. వాళ్లు పురాణాన్ని నమ్మలేదు, పారెయ్యలేదు. ప్రశ్నించారు.

అటువంటి ప్రశ్నలు మూడు చాలు. కథ పుట్టినచోట మనిషి కంటికి ఏం కనబడింది? ఆ కథను ఎవరు, ఎప్పుడు, ఎవరి అవసరానికి చెప్పారు? అందులోంచి ఎవరు జారిపోయారు? మా నడిగడ్డలో ఊరిపేర్లు చూడండి: బింగిదొడ్డి, కాలూరు తిమ్మనదొడ్డి. దొడ్డి అన్న మాట ఇంకా బతికే ఉంది. అది ఉట్నూరు దొడ్డి వారసత్వమని నేననను. పశువును నమ్ముకున్న బతుకు ఈ నేలమీద ఎంత లోతుగా పాతుకుందో మాత్రం అది చెబుతుంది.

సాక్షులు ఎల్లకాలం ఉండరు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం చేర్చారు. మంచిపనే. కాని బూడిద దిబ్బను విప్పి ఇంకోచోట కట్టలేం. ఎన్నో దిబ్బల్ని పొలాలకు ఎరువుగా తోలుకున్నారు. గుడికి స్థలపురాణం ఉంది, దిబ్బకు లేదు. దాన్ని రాయవలసినవాళ్లు మనమే. అందులో హిడింబుడికీ చోటివ్వండి, ఆ కథ చెప్పుకున్నవాళ్ల కోసం. దొడ్డి కట్టినవాళ్లను మాత్రం ఈసారి మరవకండి.