గోడకి అంటించొద్దు, బోర్డు కట్టండి!

మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారా? అయితే ఏదో ఒక డబ్బాలో క్రికెట్ కార్డులు ఉండే ఉంటాయి. చిల్లర డబ్బులతో కొనుక్కుని, స్నేహితులతో మార్చుకుని, రబ్బరు బ్యాండు వేసి దాచుకుంటారు. ఇల్లు సర్దేటప్పుడు మనకవి చెత్తలాగే కనిపిస్తాయి. వాటిని గోడ మీద అందంగా పెట్టుకోవచ్చండీ, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కాకపోతే నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి.

మాది బందరు. మా పెద్దవాడికి ఎనిమిదేళ్లప్పుడు వాడి మంచం పక్క గోడకి నలభై కార్డులు మైదా జిగురుతో నేనే అంటించాను. వానలు పడేసరికి గోడ చెమ్మెక్కి కార్డులు ఉబ్బాయి. మైదా కోసం బొద్దింకలు చేరి అంచులు కొరికేశాయి. సంక్రాంతికి సున్నాలేయిస్తే పనివాళ్లు మిగిలినవాటిని గీకి పారేశారు. వాడు బడి నుంచి వచ్చి ఖాళీ గోడ చూశాడు. ఏడవలేదు, ఆ పూట అన్నం తినలేదు. ఆ తరవాత ఒక్క కార్డు కూడా కొనలేదు. ముందే తీసి దాచాలని నాకు తోచలేదు మరి! అందుకే మా అమ్మాయి కార్డులు పోగుచెయ్యడం మొదలుపెట్టాక పద్ధతి మార్చాను.

బందరైనా, గుడివాడైనా, దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంకలైనా మన గాలిలో చెమ్మ ఎక్కువ. సముద్రం దగ్గర ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఇనప గుండుసూదులు తుప్పుపట్టి మరక చేస్తాయి. సెల్లోటేపు పచ్చబడి కార్డుని పాడుచేస్తుంది. కాబట్టి కార్డుకి జిగురు తగలకూడదు, కార్డు గోడని తాకకూడదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

కావలసినవి: టీవీదో, ఫ్రిజ్‌దో మందపాటి అట్టపెట్టె, పాత నూలు చీర ముక్క (పెడన కలంకారీ ముక్క ఉంటే ఇంకా బాగుంటుంది), ఫెవికాల్, పాత కవర్ల కాగితం, నాలుగు సీసా మూతలు, గట్టి తాడు.

చేసే విధం: మామూలుగా కార్డు 2.5 అంగుళాల వెడల్పు, 3.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పున అట్టలు రెండు కోసి, ఒకదాని గీతలకి ఇంకోదాని గీతలు అడ్డంగా వచ్చేలా అంటించండి. అప్పుడు అట్ట వంకరపోదు. రాత్రంతా పుస్తకాల బరువు పెట్టి ఉంచండి. మర్నాడు గుడ్డ బిగుతుగా చుట్టి, అంచులు వెనక్కి మడిచి అతికించండి.

వరసకి 6 చొప్పున 3 వరసలు, మొత్తం 18 కార్డులు పడతాయి. కార్డుకీ కార్డుకీ అరంగుళం, చుట్టూ అంగుళంపావు వదలండి. ఇక కాగితం పట్టీలు సన్నగా కోసి, రెండు కొసలూ మధ్యకి ఏటవాలుగా మడిస్తే చిన్న త్రికోణం జేబు వస్తుంది. పాత ఫొటో ఆల్బంలో మూలలుండేవి చూడండి, అలాగన్నమాట. ఒక్కో కార్డుకి నాలుగు జేబులు గుడ్డకి అతికించి, బాగా ఆరాక కార్డు మూలలు అందులో దూర్చండి. పిల్లలు కావాలన్నప్పుడు తీసుకోవచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు.

బోర్డు వెనక నాలుగు మూలలా సీసా మూతలు అంటించండి. గోడకీ బోర్డుకీ మధ్య గాలి ఆడుతుంది. పై అంచు దగ్గర రెండు బెజ్జాలు చేసి తాడు కట్టి ఒక్క మేకుకి వేలాడదీయండి. వానజల్లు కొట్టే గోడ, బాత్‌రూమ్ పక్క గోడ వద్దు. ఎండ నేరుగా పడినా రంగు వెలిసిపోతుంది.

మా బోర్డు నిండాక మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఇందులో అందరూ అబ్బాయిలేనా?" అని. నిజమే, నేనూ అప్పుడే చూశాను. కొట్లో దొరక్కపోతేనేం, మనమే చేసుకుందాం అన్నాను. పాత పేపర్లోని ఫొటోలు కత్తిరించి, శుభలేఖ అట్టని కార్డు కొలతకి కోసి అంటించాం. మొదటి కార్డు కోనేరు హంపిది. 1987లో మన గుడివాడలోనే పుట్టి, 2002లో పదిహేనేళ్లకే చెస్ గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, 2024లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్. తరవాత 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి, 2016 రియోలో రజతం గెలిచిన సింధు. 1932లో మన దేశం ఆడిన మొదటి టెస్టుకి కెప్టెన్ తెలుగువాడేనని చెబితే సి.కె.నాయుడు కార్డు కూడా చేసింది. వెనకవైపు వివరాలు తనే రాసింది. దస్తూరీ కూడా కుదురుకుంది!

అమెరికాలో 1952 నాటి బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో వేలానికొస్తే కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. అంటే మన లెక్కలో 100 కోట్ల రూపాయలు! మన కార్డులకి అంత రాదులెండి. కానీ అదీ ఒకప్పుడు పిల్లలు చిల్లర పెట్టి కొన్న కార్డే.

ఇంకో సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ప్రాంతం మనది. తుపాను హెచ్చరిక వస్తే సర్టిఫికెట్లు, ఫొటోలతోపాటు ఈ బోర్డు కూడా మేకు మీంచి తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టేయండి. నిమిషం పని. సున్నాలప్పుడూ అంతే.

మొన్న సెలవులకి మా పెద్దవాడు కాలేజీ నుంచి వచ్చాడు. చెల్లెలి బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. హంపి కార్డు తీసి వెనక రాసింది చదివి, మూలలు నలగకుండా మళ్లీ పెట్టాడు. "ఇంకో బోర్డు చేస్తావా అమ్మా?" అన్నాడు.

ఈ ఆదివారం మీరూ మొదలుపెట్టండి. ఏ కార్డు ఎక్కడ ఉండాలో మాత్రం పిల్లల్నే అడగండి.