సుమో గాల్లోకి ఎలా లేస్తుంది? మన ఛేజింగ్ సీన్ల వెనక ఉన్న లెక్క

గుణదల (విజయవాడ): ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో ‘ఒక్కడు’ వస్తుంటే ఛానల్ మార్చే ఇల్లు తక్కువే. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఓబుల్ రెడ్డి కళ్లెదుటే స్వప్నను తీసుకుని అజయ్ బయల్దేరతాడు. వెనక సుమోలు పడతాయి. 2003 సంక్రాంతికి వచ్చిన సినిమా ఇది. తర్వాత పుట్టిన పిల్లలకు కూడా ఏ బండి ఎక్కడ తిరుగుతుందో, ఎవరు ఎక్కడ తప్పించుకుంటారో నోటికి వచ్చు. అయినా చూస్తారు.

అదే రోజు సాయంత్రం గుణదల పడవలరేవు వైపు బీఆర్‌టీఎస్ రోడ్డు మీద కాసేపు నిలబడితే ఇంకో రకం ఛేజింగ్ కనబడుతుంది. సైలెన్సర్ మార్చిన బైకులు, ఒక్కో బండి మీద ముగ్గురు, హెల్మెట్ ఎవరికీ ఉండదు. రోడ్డు వెడల్పుగా, తిన్నగా ఉండటంతో కుర్రాళ్లకు ఇక్కడ చెయ్యి ఆగదు. ఈ రోడ్డు మీద రేసులు, వాటి మీద ఫిర్యాదులు, పోలీసుల తనిఖీలు ఊళ్లో కొత్త సంగతులేమీ కావు.

తెర మీద కనిపించే వేగంలో ఎక్కువ భాగం కెమెరాతో, కత్తెరతో పుట్టించింది. రోడ్డు మీద వేగం మాత్రం నిజంది. ఈ ముక్క పిల్లలకు అర్థం కావాలంటే ఛేజింగ్ సీన్ ఎలా తీస్తారో కొంచెం తెలిసి ఉండాలి. అలా తెలుసుకోవడానికి మొదలుపెట్టాల్సింది కారుతో కాదు, సైకిల్‌తో.

ఒక సైకిల్, ఒక పాప

తెలుగులో గొప్ప ఛేజింగ్ సీన్ ఏదని అడిగితే నలభై దాటిన వాళ్లలో ఎక్కువమంది ‘శివ’ పేరే చెప్తారు. 1989 అక్టోబర్ 5న విడుదలైంది. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ. గుణదలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కానూరు సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివారు. బెజవాడ కాలేజీ గొడవలు చూసిన అనుభవమే ఆ సినిమాకు ముడిసరుకు అని ఆయనే చాలాసార్లు చెప్పారు.

సీన్ అందరికీ తెలిసిందే. నాగార్జున సైకిల్ మీద ఉంటాడు. ముందు కడ్డీ మీద అన్న కూతురు, చిన్న పాప. వెనక రౌడీల కారు. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, కారుకూ సైకిల్‌కూ అసలు పోటీయే లేదు. తిన్నటి రోడ్డు అయితే అర నిమిషంలో కథ ముగిసేది. అందుకే సైకిల్ సందుల్లోకి దూరుతుంది. మన పాత బస్తీల్లో, కొండ కింద పేటల్లో పెరిగిన వాళ్లందరికీ ఆ లెక్క పుట్టుకతో తెలుసు: కారు పట్టని సందులో సైకిల్‌దే రాజ్యం. పైగా ఆ పాప ముందు కూర్చుంది కాబట్టి శివ దిగి కొట్లాడలేడు, పడిపోనూలేడు. చూసేవాడి గుండె కొట్టుకునేది సైకిల్ వేగానికి కాదు, ఆ పాప గురించి.

మన దేశంలో స్టెడీక్యామ్‌ను గట్టిగా వాడుకున్న తొలి సినిమాల్లో ఇదొకటి. కెమెరాను మనిషి ఒంటికి కట్టుకుని పరుగెత్తినా బొమ్మ కుదుపు లేకుండా వచ్చే పరికరం అది. పట్టాలు వేసి ట్రాలీ నడపలేని ఇరుకు చోట్లలోకి కూడా కెమెరా మనుషుల వెంట పరుగెత్తగలదు. దానివల్ల చూసేవాడు కూడా వాళ్లతో పాటు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది.

ఛేజింగ్ మనకు ‘శివ’తోనే మొదలైందని కాదు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’లో గుర్రాల మీద తరుముకోవడాలు జనం విరగబడి చూశారు. 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’లో సునీల్‌కు మళ్లీ ఓ డొక్కు సైకిలే ఇచ్చారు. అది రవితేజ గొంతుతో మాట్లాడుతుంది కూడా. బండి ఖరీదుకూ సీన్ బలానికీ సంబంధం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నలభై ఐదు అరవై ఎలా అవుతుంది

సినిమా సెకనుకు 24 బొమ్మల లెక్కన నడుస్తుంది. తీసేటప్పుడు కెమెరాను సెకనుకు 18 బొమ్మలకు తగ్గించి, చూపించేటప్పుడు మామూలుగా 24 చొప్పున నడిపిస్తే గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన కారు 60తో వెళ్లినట్టు కనిపిస్తుంది. మరీ తగ్గిస్తే పాత మూకీ కామెడీల్లోలా మనుషులు గబగబా చేతులు ఆడిస్తారు, అందరూ నవ్వుతారు. అందుకే కొంచెమే తగ్గిస్తారు. పాత సినిమాల్లో ఛేజింగ్ వెనకాల నడిచి వెళ్లేవాళ్ల కాళ్లు చూస్తే ఈ కిటుకు ఇట్టే దొరికిపోతుంది.

రెండోది లెన్స్. దూరంగా నిలబడి జూమ్ లెన్స్‌తో తీస్తే వెనక వంద అడుగుల దూరంలో ఉన్న లారీ కూడా కారు బంపర్‌కు ఆనుకున్నట్టు కనబడుతుంది. కెమెరాను రోడ్డుకు జానెడు ఎత్తులో పెడితే తారు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. అదే కెమెరాను మేడ మీద నుంచి పెడితే అదే కారు తాబేలులా వెళ్తుంది. హీరో ముఖం కనిపించే షాట్లలో చాలావరకు ఆయన బండి నడపడు. కారును ట్రాలీ మీద ఎక్కించి ఇంకో బండి లాగుతుంది. ఆయన స్టీరింగ్ తిప్పుతుంటాడంతే.

మిగతా పని ఎడిటింగ్ టేబుల్ మీద, సౌండ్ రూమ్‌లో జరుగుతుంది. మట్టి రోడ్డు మీద కూడా టైర్లు కీచుమంటాయి మన సినిమాల్లో. మట్టి మీద టైరు అలా అరవదని ఆటో తోలే ఎవరినడిగినా చెప్తారు.

పాపం సుమో

టాటా సుమో 1994లో మార్కెట్లోకి వచ్చింది. జపాన్ కుస్తీ వీరుల పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి టాటాల లారీ కంపెనీని ఏళ్ల తరబడి నడిపిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోంచి మొదటి అక్షరాలు తీసి పెట్టారు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’ (2002) వరసగా ఆడేసరికి సుమో అంటే కుటుంబమంతా పెళ్లికి వెళ్లే బండి అన్న మాట మరుగునపడి, ఫ్యాక్షన్ బండి అయి కూర్చుంది. పల్టీ కొట్టడానికి, పేలిపోవడానికి దానికంటే మంచి బండి మన దర్శకులకు దొరకలేదు. 2019లో కంపెనీ తయారీ ఆపేసింది.

సుమోనే ఎందుకు? పది మంది దిగొచ్చు, అది ఒక కారణం. ఇంకో కారణం బండి ఎత్తు. ఎత్తైన బండికి బరువు పైన ఉంటుంది, ఒక వైపు చక్రాలు లేస్తే చాలు పక్కకు ఒరిగిపోతుంది. పల్లంగా ఉండే కారును పల్టీ కొట్టించడం మహా కష్టం. 2006 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘క్యాసినో రాయల్’ వాళ్లకు ఇదే అనుభవం. ఆస్టన్ మార్టిన్ కారును ర్యాంప్ ఎక్కించినా తిరగబడలేదు. చివరికి కారు కింద గ్యాస్ ఒత్తిడితో పేలే ఫిరంగి లాంటి గొట్టం బిగించారు. అప్పుడు అది ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డులకెక్కింది.

మన దగ్గర వాడే పద్ధతులు కూడా ఇవే. రోడ్డు మీద ఒక పక్క ఇనుప ర్యాంప్ పెట్టి, దాన్ని ఎదుటి బండి చాటునో దుమ్ము చాటునో దాస్తారు. ఒక వైపు చక్రాలు దాని మీదకు ఎక్కగానే బండి లేచి తిరుగుతుంది. లేదంటే క్రేన్‌కు ఇనుప తాళ్లతో కట్టి ఒక్క ఊపున లాగుతారు, తాళ్లను తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు. లోపల మనిషి ఉండాల్సిన షాట్ అయితే బండి లోపల ఇనుప పైపులతో పంజరం వెల్డింగ్ చేస్తారు, నాలుగు వైపుల నుంచీ బిగించే బెల్టులు, హెల్మెట్ పెడతారు, పెట్రోలు షాట్‌కు సరిపడా కొద్దిగానే పోస్తారు. మనిషి అక్కర్లేని పేలుడు షాట్లకు తరచుగా ఇంజిన్ పీకేసిన డొక్కు బండ్లే వాడతారు.

ఆటోనగర్‌లో మెకానిక్, టింకరింగ్ పనులు చేసే మన కుటుంబాల వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సీన్లు చూస్తే వేరే సరదా. పేలేముందు సుమోకీ పేలిన సుమోకీ బంపర్ ఒకటి కాదని, బానెట్ కింద ఖాళీ అని వాళ్లు ముందే పట్టేస్తారు.

నిజంగా వేగంగా వెళ్లినప్పుడు

అంతా మాయేనా అంటే కాదు. 1968లో వచ్చిన అమెరికన్ సినిమా ‘బుల్లిట్’లో కార్లు శాన్‌ఫ్రాన్సిస్కో ఏటవాలు రోడ్ల మీద నిజంగానే గంటకు 170 కిలోమీటర్లు దాటాయి. దాదాపు పదకొండు నిమిషాల ఆ ఛేజింగ్ తీయడానికి వారాలు పట్టింది. ఆ సినిమా ఎడిటర్‌కు ఆస్కార్ వచ్చింది. ఒకే సీన్‌ను రకరకాల కోణాల్లో మళ్లీ మళ్లీ వాడుకోవడంతో ఒకే ఆకుపచ్చ వోక్స్‌వ్యాగన్ కారును పదే పదే ఓవర్‌టేక్ చేస్తుంటారు. లెక్కపెట్టి నవ్వుకోవచ్చు.

మూడేళ్ల తర్వాత వచ్చిన ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ సంగతి నవ్వే విషయం కాదు. న్యూయార్క్‌లో పైన రైలు, కింద కారు. కొన్ని షాట్లు రోడ్డు మూయకుండా, మామూలు ట్రాఫిక్‌లోనే తీశారు. అటు వచ్చిన ఒక స్థానికుడి కారును నిజంగానే గుద్దారు, ఆ షాట్ సినిమాలో ఉంచేశారు. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ వెనక సీట్లో కూర్చుని స్వయంగా కెమెరా పట్టారు. మనుషుల ప్రాణాలతో ఆడుకున్నామని, మళ్లీ అలాంటి పని చేయనని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నారు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా ప్రాణం పోదన్న హామీ లేదు. 2025 జులై 13న తమిళనాడులోని నాగపట్నం దగ్గర దర్శకుడు పా. రంజిత్ సినిమా షూటింగ్‌లో స్టంట్‌మ్యాన్ ఎస్.ఎం. రాజు చనిపోయారు. చేసింది పైన చెప్పుకున్న పనే: కారు ర్యాంప్ ఎక్కి గాల్లో తిరిగి పడాలి. ఎన్నో సినిమాల్లో ఇలాంటి స్టంట్లు చేసిన అనుభవం ఉన్న మనిషి.

‘శివ’లో ఆ పాప సంగతికి మళ్లీ వద్దాం. 2025 నవంబర్‌లో ఆ సినిమా కొత్త ప్రింట్‌తో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆ సందర్భంగా వర్మ, అప్పటి ఆ చిన్నారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అంత ప్రమాదకరమైన షాట్లు చిన్నపిల్లతో తీసినప్పుడు ఆమె ఎంత భయపడిందో తనకు అప్పుడు తట్టలేదని ఆయన మాటల సారాంశం. ముప్పై ఆరేళ్ల తర్వాత! ఆలస్యమే. కానీ పాత సినిమాలకు ఇలా క్షమాపణ చెప్పిన దర్శకులు మనకెంతమంది?

మళ్లీ బీఆర్‌టీఎస్ రోడ్డుకు

షూటింగ్‌లో రోడ్డు రెండు వైపులా మూసేస్తారు. ఎదురొచ్చే లారీ డ్రైవర్ కూడా యూనిట్ మనిషే. పక్కనే అంబులెన్స్ ఉంటుంది. షాట్ సరిగా రాకపోతే ‘వన్ మోర్’ ఉంటుంది. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఇవేవీ ఉండవు. అక్కడ ఎదురొచ్చేది ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల కావచ్చు, కూరగాయల తోపుడుబండి కావచ్చు. గుణదల మేరీమాత ఉత్సవాలు జరిగే ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు మాత్రం ఈ చుట్టుపక్కల జనం మధ్య కారు కదలడమే గగనం, ఆ మూడు రోజులూ ఛేజింగ్ బెడద ఉండదు.

మన ఇళ్లలో ఇంకో సమయం గురించి కూడా మాట్లాడుకోవాలి. హైదరాబాద్‌లో షబే మేరాజ్, షబే బరాత్ రాత్రుల్లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఇబాదత్ కోసం మేల్కొనే రాత్రి కొందరు కుర్రాళ్లు బైకులతో రోడ్డెక్కడం వల్ల వచ్చిన పరిస్థితి అది. నమాజ్‌కని చెప్పి బండి తాళం తీసుకెళ్లిన పిల్లాడు ఎక్కడున్నాడో అమ్మీ అబ్బాలకు తెలియని రాత్రులు అవి.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక, రోడ్డు మీద రేసు పెడితే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. 18 ఏళ్లు నిండని పిల్లలు నడుపుతూ నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తండ్రో, సంరక్షకుడో, బండి యజమానో దోషి అవుతారు: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా ఇవ్వరు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అన్నది నిరూపించుకోవాల్సిన భారం పెద్దల మీదే ఉంటుంది.

లైసెన్స్ లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమా పడటానికీ లేదు. బాధితులకు కంపెనీ చేత కట్టించినా, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెప్పాయి.

చాలామంది తండ్రులు పొరబడేది ఇంకోటి ఉంది. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారన్న మాట నిజమే. కానీ అది 50 సీసీ లోపు బండికే. ఇప్పుడు షోరూముల్లో అమ్మే పెట్రోలు స్కూటీలు అంతకంటే ఎక్కువ సీసీవే ఉంటాయి. ఆ లైసెన్స్ వాటికి చెల్లదు.