తలకు దెబ్బ, ఆగని నెత్తురు

1884 మార్చిలో విక్టోరియా రాణి కుమారుడు లియోపోల్డు ఫ్రాన్సు దేశమందలి కాన్ పట్టణమున జారిపడెను. తలకు దెబ్బ తగిలినది. మరునాటి తెల్లవారుజామున ప్రాణము పోయినది. అంతకు పదునొకండేండ్ల ముందు, 1873లో, అతని మేనల్లుడు, రెండేండ్ల ఫ్రెడరిక్, కిటికీనుండి పడి మెదడులో రక్తస్రావమై మరణించెను. రాజవైద్యులుండియు ప్రయోజనము లేకపోయెను. ఆ వ్యాధి హిమోఫీలియా. నాడు మందు లేదు, నేడు కలదు. కాని మందు ఉండుట వేరు, ఉదయగిరి కొండ క్రింది పల్లెలో పడిన బాలునకు అది వేళకందుట వేరు.

రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఎనిమిదవ ఫ్యాక్టరు కొరవడినచో 'ఏ' రకము, తొమ్మిదవది కొరవడినచో 'బి' రకము. ఇది తల్లి ద్వారా కొడుకులకు సంక్రమించును. సుమారు అయిదువేల మగశిశువులలో ఒకనికి 'ఏ' రకముండును. ఈ నిందను మేనరికము మీద మోపుట సరికాదు. అయితే పదమూడవ ఫ్యాక్టరు లోపమువంటి అరుదైన వ్యాధులు మేనరికపు కుటుంబములలోనే హెచ్చు; మెదడులో నెత్తురు కారు ప్రమాదము వారికి మరింత అధికము.

పుర్రె మూసిన పెట్టెవంటిది. లోపల కొంచెము నెత్తురు చేరినను మెదడు నలిగిపోవును. పడిన బాలుడు లేచి ఆడుకొనును, అన్నము తినును. గంటలకో, రెండుమూడు దినములకో తలనొప్పి, వాంతులు, మత్తు, మూర్ఛ పొడసూపును. వానికై వేచియుండుటయే చేటు. గట్టి దెబ్బ తగిలినచో ముందు ఫ్యాక్టరు, పిమ్మట సి.టి. స్కాను. ఈ వరుస తారుమారు కారాదు.

ముప్పది కిలోల బాలునకు 'ఏ' రకమున సుమారు 1500 యూనిట్లు, 'బి' రకమున దానికి రెట్టింపు కావలెను. ఫ్యాక్టరు దొరకనిచో 'ఏ' రకమునకు క్రయోప్రెసిపిటేట్ కలదు. 1960ల నడుమ అమెరికాలో జుడిత్ పూల్ కనుగొన్నది అదియే. సంచికి సుమారు ఎనుబది యూనిట్లనుకొన్నను ఇరువది సంచులు కావలసివచ్చును! 'బి' రకమునకు అది పనికిరాదు, ప్లాస్మా ఎక్కింపవలెను. నెత్తురు కారినట్లు స్కానులో తేలినచో చికిత్స రెండుమూడు వారములు సాగును. కొందరి శరీరము ఫ్యాక్టరునే ఎదిరించును. వారికి వేరు మందులు. ఎమిసిజుమాబ్ సూదులు నివారణకే గాని, తల పగిలిననాడు అవి మాత్రమే చాలవు.

బడిలో ఇట్టి బాలుడున్నచో ఉపాధ్యాయుడు అతని వ్యాధి రకము, బరువు, మోతాదు వ్రాసిన చీటిని పట్టికతోపాటు ఉంచుకొనవలెను. నొప్పికి ఆస్పిరిన్ ఈయరాదు, కండకు సూది వేయింపరాదు. ఆటలు పూర్తిగా మాన్పింపనక్కరలేదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమున హిమోఫీలియాయు చేర్చబడినది; ఈ సంగతి తలిదండ్రులకు చెప్పువారు తక్కువ.

ఉదయగిరినుండి ఆత్మకూరు మీదుగా నెల్లూరు సుమారు నూరు కిలోమీటర్లు. మందు ఇంట చల్లగా భద్రపరచియుండి, సూది వేయుట తెలిసినవారున్నచో, బండి కదలకముందే మొదటి మోతాదు నరములోనికి చేరును.