పలికితే చాలదు, ఫైలు రావాలి

రాబర్ట్‌సన్‌పేట అంగట్లో పిలిస్తే పలుకుతారు, ఒక్కోసారి అడిగిన సరుకే ఉండదు. ఫైళ్లిచ్చే ఎఫ్‌టీపీ సర్వరూ అంతే. రెండు మూడు సర్వర్లకు పని పంచే నెట్‌వర్క్ స్విచ్ పింగ్ చేస్తే మిషను బదులిస్తుంది. లోపల ప్రోగ్రాం ఆగిపోయి ఉండొచ్చు. 21వ పోర్టు తడితే 220 అని జవాబొచ్చినా నమ్మలేం. ఆ దారి మాటలకే, ఫైలొచ్చే దారి వేరు. అసైన్‌మెంటు ఆఖరి రోజున ఈ తేడా తెలిసొస్తుంది!

అందుకే స్విచ్‌కు ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, చిన్న ఫైలు పేరు ఇచ్చిపెట్టాలి. కొన్ని సెకన్లకోసారి అది లాగినై ఆ ఫైలు తెచ్చుకుని చూస్తుంది. వరసగా మూడుసార్లు రాకుంటే ఆ సర్వరును పక్కనపెట్టి మనల్ని ఇంకోదానికి పంపేలా అమర్చొచ్చు. ఒక్క తప్పుకే పక్కనపెడితే అన్యాయం కదా.

అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండమ్మా. మామూలు ఎఫ్‌టీపీలో అది దాపరికం లేకుండా వెళ్తుంది. ఆ ఒక్క ఫైలు చదివే ఖాతా చాలు.