చిన్న టవర్... పెద్ద చిక్కు!

'వచ్చిందా?'
'లేదు... ఇంకొంచెం ఎడమకు తిప్పు!'
'ఇప్పుడు?'
'ఆ... ఆ... అక్కడే వదిలెయ్!'

శుక్రవారం చిత్రలహరి వేళకు డాబా మీద ఒకరు, టీవీ ముందు ఒకరు ఇలా అరుచుకోని ఊరు ఉండేది కాదు. ఉప్పల్, నాచారం వాళ్లకు మాత్రం ఇంత అవస్థ పడే పనిలేదు. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం వాళ్లకు కూతవేటు దూరమే మరి! 1977 అక్టోబరు 23న ప్రసారాలు మొదలుపెట్టిన కేంద్రమది.

అంతకు ముందే మన పల్లెలు కొన్ని టీవీ చూసేశాయంటే ఆశ్చర్యమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలు ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందుకున్నాయి. ఆ తర్వాత 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్ల జాతర. కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయారు. ఒక్కోదాని శక్తి 100 వాట్లు. పాతకాలపు బల్బంత! ఊరికీ, చుట్టూ పది పదిహేను కిలోమీటర్లకూ బొమ్మ అందేది.

మరి శక్తి పెంచితే ఇంకా దూరం పోదా? పోతుంది, కానీ అనుకున్నంత కాదు. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమేమో గుండ్రం. వంద మీటర్ల టవర్ మీది నుంచి సుమారు 40 కిలోమీటర్ల దాకా తరంగానికి దారి ఉంటుంది. దాన్ని రెట్టింపు చేయాలంటే టవర్ ఎత్తు నాలుగింతలు కావాలి. మధ్యలో కొండ అడ్డొచ్చిందా, దాని వెనక ఊళ్లు నీడలో పడ్డట్టే. పాడేరు, అరకు దారుల్లో తిరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

డిజిటల్ వస్తే ఈ బాధలు తీరతాయనుకున్నారు. నిజమే, అదే దూరానికి తక్కువ శక్తి చాలు. ఒక చానల్ పట్టే చోట ఐదారు పడతాయి. కానీ పాత టీవీకున్న ఓ మంచి గుణం దీనికి లేదు. అప్పట్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, బొమ్మ రెండుగా కనిపించేది. అయినా వార్తలు వినపడేవి! డిజిటల్‌లో ఆ సర్దుబాటు లేదు. ఒక హద్దు దాకా అద్దంలాంటి బొమ్మ... ఆ తర్వాత ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. ఈ గోడ ఏ వీధిలో లేస్తుందో ముందే లెక్కగట్టడమే ఇంజినీర్లకు తలనొప్పి.

దీనికో ఉపాయం ఉంది. ఒక్క పెద్ద టవర్ బదులు, ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేసే చిన్న టవర్లు చాలా పెట్టడం. అన్నీ జీపీఎస్ గడియారంతో ఒకే క్షణంలో ఒకే బిట్ పలకాలి, కోలాటంలో కర్రల్లా. పక్క టవర్ సిగ్నల్ కాస్త ఆలస్యంగా వస్తే ఫర్వాలేదు, అది కూడా బలమే. ఎంత ఆలస్యం దాకా? డీవీబీ-టీ పద్ధతిలో గరిష్ఠంగా 224 మైక్రోసెకన్లు. అంటే 67 కిలోమీటర్ల తేడా. అది దాటితే తోడు రావలసిన టవరే అడ్డుపడుతుంది! కొత్త డీవీబీ-టీ2లో ఈ గడువు ఇంకా ఎక్కువ.

ఇంత చేసినా మనదేశంలో కథ వేరే మలుపు తిరిగింది. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో డిజిటల్ ప్రసారాలు ప్రారంభించింది. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. ఫోన్‌లో చూడాలంటే డాంగిల్ కొనుక్కోవాలన్నారు. కొన్నవాళ్లని మీరెంతమందిని చూశారు? ఈలోగా 2004 డిసెంబరులో మొదలైన ఉచిత డీటీహెచ్ ఇళ్లమీదికి ఎక్కేసింది. కొండ వెనక ఊరికైనా పైనుంచి అందుతుంది కదా! కీలక ప్రాంతాల్లో ఓ యాభై మినహా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 మార్చి నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. గొడుగు యాంటెన్నా కొనలేనివాళ్ల పాత టీవీ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇప్పుడు చర్చంతా ఇంటర్నెట్ లేకుండా ఫోన్‌కే నేరుగా టీవీ ప్రసారం గురించి. దీన్ని 19 నగరాల్లో పరీక్షిస్తామని కేంద్ర సమాచార ప్రసార శాఖ కార్యదర్శి 2024 జనవరిలో చెప్పారు. అయితే డాబా మీది యాంటెన్నా వేరు, నాలుగ్గోడల మధ్య జేబులో ఉండే ఫోన్ వేరు. దానికి అందాలంటే నగరమంతా చిన్న చిన్న టవర్లు చాలానే కావాలి. పైగా ఫోన్‌లో ఆ చిప్ లేకపోతే, టవర్ కిందే నిలబడ్డా బొమ్మ రాదు.