పర్యావరణహిత తీర విడిది

పర్యావరణహిత తీర విడిది అనగా సముద్రం, నది లేదా జలాశయం ఒడ్డున, ఆ నీటికి హాని కలుగని రీతిలో ఒక కుటుంబం నిర్మించి, తాను అక్కడే నివసిస్తూ అతిథులకు బస కల్పించే గృహం. సాధారణ రిసార్టుకూ దీనికీ ముఖ్యమైన భేదం యజమాని నివాసం. అతిథి త్రాగే బావి నీటినే యజమాని పిల్లలు కూడా త్రాగుతారు. వెదురు గోడలు, తాటాకు కప్పు ఉన్నంత మాత్రాన ఏ కట్టడమూ పర్యావరణహితం కాజాలదు. మురుగు ఎటు పోతున్నది అన్నదే అసలు ప్రశ్న.

శంషాబాదు ప్రాంతానికి సముద్రం రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. ఇక్కడి వారికి తీరం అంటే హిమాయత్ సాగర్ ఒడ్డు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ పరిసరాలలో విడిది గృహాలు, ఫాం హౌసులు, ఫంక్షను హాళ్ళు విస్తరించాయి. అందువలన తీరాన ఇల్లు కట్టడంలోని చిక్కులన్నీ ఇక్కడ స్పష్టంగా కనబడతాయి.

జలాశయం పుట్టుక

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదు నగరంలో వేలాది మంది మరణించారు. వరద నివారణకై మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. హిమాయత్ సాగర్ నిల్వ సామర్థ్యం సుమారు 2.97 టి.ఎం.సి.; పూర్తి నీటిమట్టం 1763.5 అడుగులు. వరదను ఆపడానికి కట్టిన ఈ చెరువులే నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చినవి. గండిపేట ఒడ్డున నిజాము వేసవి విడిదిగా వెలసిన సాగర్ మహల్ ఈ ప్రాంతపు తీర విడుదులలో పాతది. అది ఒక్క రాజకుటుంబపు విడిది కనుక చెరువుకు భారం కాలేదు. ఆ కోరిక వందల కుటుంబాలకు కలిగినప్పుడు సమస్య మొదలైనది.

జి.ఓ. 111

1996 మార్చి 8న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన ఈ ఉత్తర్వు రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించినది. శంషాబాదు మండలంలోని పలు గ్రామాలు ఇందులో ఉన్నవి. ఈ మండలానికే చెందిన పెద్దషాపూర్‌లో ఒక ఆముదపు నూనె ఉత్పత్తుల పరిశ్రమను పెట్టదలచినప్పుడు వివాదం సుప్రీం కోర్టుకు చేరినది. ఆంధ్ర ప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య వ్యాజ్యంగా పేరొందిన ఈ కేసులో 1999 జనవరిలోను, 2000 డిసెంబరులోను తీర్పులు వెలువడినవి. పరిశ్రమకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదని కోర్టు నిర్ణయించినది. హాని కలుగదని నిరూపించవలసిన బాధ్యత కట్టదలచిన వానిదే గాని, అభ్యంతరం చెప్పేవారిది కాదు అన్న సూత్రం మన దేశంలో స్థిరపడటానికి ఈ కేసు ముఖ్య కారణం. విడిది కట్టే కుటుంబం కూడా తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

ఈ ఉత్తర్వు వలన నష్టపోయినది చిన్న రైతు. పక్క ఊరి భూమి విమానాశ్రయం వలన కోట్లు పలుకుతుంటే తన భూమికి ధర రాలేదు. అదే సమయంలో, వ్యవసాయ క్షేత్రం పేరిట సంపన్నుల విడుదులు లేచినవి. రైతుల ఆక్షేపణను కేవలం ఆశగా కొట్టివేయడం న్యాయం కాదు.

కృష్ణా, గోదావరి జలాలు నగరానికి వచ్చిన తరువాత ఈ జలాశయాల వాటా చాలా తగ్గినదన్న వాదనపై 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 69 ద్వారా ఆంక్షలను సడలించినది. 2023 మేలో జి.ఓ. 111 రద్దుకు మంత్రివర్గం నిర్ణయించినది. అయితే నీటిమట్టపు పరిధి, దాని వెలుపలి రక్షణ పట్టీ వేరే విషయాలు. భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుండి 30 మీటర్ల వరకు కట్టడాలు కూడవు. 2024 ఆగస్టులో హైడ్రా సంస్థ గండిపేట తీరాన ఆక్రమణలను కూల్చినది. ఎండాకాలంలో పొడిగా కనిపించే నేల చెరువు పరిధిలోనిది కావచ్చును. స్థలం కొనే ముందు సర్వే నంబరును పటంతో సరిచూడటం అన్నిటికన్నా ముందు పని.

నీటి లెక్క

హైదరాబాదు ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. 100 చదరపు మీటర్ల కప్పుపై ఏటా 80,000 లీటర్లు పడును. అందులో అయిదవ వంతు ఆవిరి, తొలివాన కడుగు క్రింద పోయిననూ 64,000 లీటర్లు మిగులును. నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రామాణికం ప్రకారం పదిమందికి 1,350 లీటర్లు కావలెను. అనగా ఆ వాన 47 రోజులకు మాత్రమే చాలును. ఈత కొలను కట్టే ముందు ప్రతి కుటుంబం ఈ లెక్కను ఒక్కసారి వేసుకోవాలి. బోరు తప్పదు గనుక వాడకం తగ్గించడమే మార్గం.

మురుగు విషయం మరింత సున్నితం. దక్కను నేలలో పైమట్టి పలుచన. క్రింద పగుళ్ళతో కూడిన నల్లరాయి. ఇంకుడు గుంటలో మురుగు వదిలితే మట్టిలో వడగట్టబడకుండా పగుళ్ళ వెంట బావికీ, చెరువుకూ చేరగలదు. కాబట్టి సెప్టిక్ ట్యాంకును నీరు కారకుండా కట్టి, బయటకు వచ్చే నీటిని కంకర పడకలో పెంచిన మెట్టతామర, రెల్లు వంటి మొక్కల గుండా పంపాలి. స్నానపు నీరు అరటికి ఉపయోగపడును. గోడలకు స్థానిక రాయి, నేలకు తాండూరు నాపరాయి వాడితే దూరపు రవాణా తగ్గును.

సముద్ర తీరంలో

ఆంధ్ర తీరాన నియమాలు వేరు. 1991 ఫిబ్రవరి నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు నియంత్రణలోకి తెచ్చినది. 2019 ప్రకటన జనసాంద్రత అధికంగా గల గ్రామీణ తీరాలలో నిర్మాణ నిషేధాన్ని 200 నుండి 50 మీటర్లకు తగ్గించినది. ఉన్న ఇంటి రూపు మార్చకుండా అతిథులను ఉంచుకొనే వీలు మత్స్యకారులకు ఇచ్చినది. సడలింపు చట్టానికే గాని సముద్రానికి కాదు. కాకినాడ వద్ద ఉప్పాడలో కోత వలన మత్స్యకారుల ఇళ్ళు కడలిలో కలిసిపోయినవి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిళ్ళు గుండ్రని గోడ, క్రిందకు దిగిన తాటాకు కప్పుతో గాలివానకు తక్కువ ఎదురు నిలుస్తాయి. విడిది కట్టేవారు వీటిని అలంకారంగా గాక నిర్మాణ పాఠంగా చూడవచ్చును.

నిర్వహణ

కేంద్ర పర్యాటక శాఖ గృహ వసతి పథకంలో యజమాని కుటుంబం ఆ ఇంటనే నివసించాలి. 1 నుండి 6 వరకు గదులు, 12 పడకలు మించరాదు. ఈ పరిమితి ఆదాయానికి అడ్డంకిగా తోచవచ్చును గాని, పైన చెప్పిన నీటి లెక్కకు సరిపోయేది ఇటువంటి చిన్న ఇల్లే. వంట, శుభ్రత, తోట, లెక్కలు ఇంటివారే చూసుకొంటారు. పెళ్ళిళ్ళకు అద్దెకివ్వడం మొదలైనప్పుడు ఒక్క రాత్రిలో వందలమంది మురుగు పది మందికై కట్టిన ట్యాంకుకు చేరుతుంది. అప్పటి నుండి ఆ గృహం ఏ పేరుతో ఉన్ననూ ఫంక్షను హాలే.