జపాన్‌లో "ఇయ్యి" అని ఎట్లా అడుగుతారు?



ఈసారి గోడపత్రికకు జపాన్ భాష గురించి వ్రాస్తున్నాను. ఆ దేశం మనకు చాలా దూరం. కానీ వాళ్ళ వాక్యం ఇంగ్లీషు లాగా కాదు, మన వాక్యం లాగానే క్రియతో ముగుస్తుంది. "మిజు చోదాయ్" అంటే నీళ్ళు ఇయ్యి. ఇది ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో అనే మాట. కొత్తవాళ్ళతో అయితే "మిజు ఒ కుదసాయ్", అంటే నీళ్ళు ఇవ్వండి. స్నేహితురాలితో ఊరికే కుదసాయ్ అంటే ఎడంగా ఉంటుంది. మన పక్క బెంచీ పిల్లని "పెన్ను ఇవ్వండి" అంటే కోపమొచ్చిందేమో అనుకోదా!

ఈ కుదసాయ్ వేరే క్రియల వెనక కూడా చేరుతుంది. "కైతె" అంటే రాసి. ఒట్టి "కైతె" అంటే రాయి అని చనువుగా అడిగినట్టు. "కైతె కుదసాయ్"ని మాటకు మాట తెలుగులో పెడితే "రాసి ఇవ్వండి" అని వస్తుంది. మనం "ఉత్తరం రాసియ్యి అక్కా" అంటాం చూడండి, అచ్చం అదే! నాకు భలే సంతోషమేసింది.

పెద్దవాళ్ళ దగ్గర కుదసాయ్ కూడా చాలదు. ఎంతైనా అది చెయ్యమని చెప్పడమే కదా. అందుకని ప్రశ్న చేస్తారు. "కైతె కురెమసెన్ క?" అంటే రాసి ఇవ్వరా? చివరి "క" మన "ఇస్తారా"లో దీర్ఘం లాంటిది. ఇంకా మర్యాద కావాలంటే "కైతె ఇతదకెమసెన్ క?" అంటే మీరు రాసిస్తే నేను పుచ్చుకోలేనా అన్నట్టు. మనిషి తగ్గేకొద్దీ మాట పొడుగైతది.

మా చెంచుగూడెంలో "అండి" వాడం. మా మర్యాద పిలుపులోనే ఉంటది. "నీళ్ళియ్యి మామా", "రాసియ్యి సారూ" అంటాం. నన్ను బడిలో చేర్చేటప్పుడు కులం సర్టిఫికెట్ కోసం మా నాయన ఒక ఆఫీసులో అట్లనే అడిగాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకొని అడిగాడు. "మర్యాద తెలీదా" అని కసిరి మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. వాళ్ళు "రాసియ్యి" విన్నారు, "సారూ" వినలేదు.

మన హాస్టల్లో కొత్తగా చేరిన చిన్నపిల్లలు రాత్రిపూట జ్వరమొచ్చినా బిళ్ళ అడగరు. ఎట్లా అడగాలో తెలీదక్కా అంటారు. "ఇవ్వండి" అనేది మేము 9వ తరగతి వాళ్ళం నేర్పుతాం. మేడం గారూ, వాళ్ళకు అలవాటయ్యేదాకా "బిళ్ళ ఇయ్యి మేడం" అని వస్తే ఏమనుకోకుండా ఇవ్వరా?